పాత డబ్బాలు పారేయకండి

పోయిన సంచికలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సినిమాల సెట్టు గురించి రెండు ముక్కలు రాసి, మిగతాది తర్వాత చెబుతానన్నాను. ఆ మాటకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. నేను రాజమండ్రిలో డీవీడీలు అద్దెకిచ్చే షాపు నడిపినవాణ్ణి, సినిమా పండితుణ్ణి కాదు. డబ్బాలో ఏముంది, ఏ డిస్కు ఎందులో ఆడుతుంది, ఎవరికి ఏది నచ్చుతుంది... నాకు తెలిసిన విద్య ఇంతే.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్ నుంచి వస్తూ మూడు సినిమాల డీవీడీ సెట్టు తెచ్చింది. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అట్టపెట్టెలు. తోలు బైండింగు వేసిన పాత పుస్తకాల్లా ముచ్చటగా ఉన్నాయి. ప్లేయర్లో పెడితే మాత్రం ‘రీజియన్ తప్పు’ అని చూపించి ఆగిపోతోంది. అల్లుడుగారు కొత్త ప్లేయర్ కొనమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– రిటైర్డ్ హెడ్మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారూ, అప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. డీవీడీల కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చారు. అమెరికాది 1, మనది 5. డబ్బా వెనక చిన్న భూగోళం బొమ్మలో ఆ అంకె ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చూడండి. మన దగ్గర అమ్మిన చాలా ప్లేయర్లలో ఈ తాళం తీసే దారి ఉంది. రిమోట్‌లో ఫలానా అంకెలు వరసగా నొక్కితే ఒక దాచిపెట్టిన సెట్టింగ్ పేజీ వస్తుంది. అక్కడ రీజియన్ 0 అని పెడితే ఏ దేశం డిస్కైనా ఆడుతుంది. ఆ అంకెలు మోడల్‌ని బట్టి మారతాయి. ప్లేయర్ వెనక మోడల్ నంబరు రాసుకుని నెట్‌లో ఎవరిచేతైనా వెతికించండి.

అందాకా కంప్యూటర్లో చూద్దామనుకుంటే ఒక జాగ్రత్త. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్‌ని ఐదుసార్లే మార్చనిస్తారు. ఐదోసారి ఏ నంబరు పెడితే అదే ఖాయం. మనవలు ఈ డిస్కుకి ఒకసారి, ఆ డిస్కుకి ఒకసారి మార్చుకుంటూ పోయారంటే డ్రైవ్ అమెరికాలోనే స్థిరపడిపోతుంది.

మీ అమ్మాయి తెచ్చింది మాత్రం మంచి సరుకు. 2002 నుంచి 2004 దాకా ఏడాదికొక పెట్టె చొప్పున విడుదల చేసిన ఎక్స్‌టెండెడ్ ఎడిషన్లు అవి, అంటే థియేటర్లో లేని సీన్లు కూడా కలిపిన పొడుగు వెర్షన్లు. ఒక్కో పెట్టెలో నాలుగు డిస్కులుంటాయి. సినిమా రెండింట్లో, దాన్ని తీసిన కథ రెండింట్లో. ఆ రెండో జత సంగతి కింద చాలా రాశాను, చదవండి.

ప్రశ్న: నా దగ్గరున్న మొదటి భాగం డీవీడీ మీద 171 నిమిషాలని ఉంది. థియేటర్లో 178 నిమిషాలు ఆడిందని మా తమ్ముడి వాదన. ఏడు నిమిషాలు ఎవరు కోసేశారు? ఇంకో సందేహం. ఈ సినిమా సంగీతం ఆడియో సీడీ కూడా నా దగ్గరుంది. సీడీలో కంటే డీవీడీలో శ్రుతి పైన ఉన్నట్టు అనిపిస్తోంది. నా భ్రమా?
– వీణ టీచరు, విజయనగరం

జవాబు: భ్రమ కాదమ్మా. మీ చెవి చాలా గట్టిది. రెండు సందేహాలకీ జవాబు ఒకటే.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడిన పాల్ టీవీ పద్ధతికి 25 కావాలి. అందుకని పాల్ డిస్కు తయారుచేసేటప్పుడు సినిమానే కొంచెం తొందరగా, సెకనుకి 25 చొప్పున నడిపించేస్తారు. 178ని 24తో హెచ్చవేసి 25తో భాగించి చూడండి, 171 దగ్గరకొస్తుంది. ఒక్క సీను కూడా పోలేదు. తొందరగా నడిస్తే శబ్దమూ పైకి లేస్తుంది. కొన్ని డిస్కుల్లో దాన్ని మళ్లీ కిందికి దించి సరిచేస్తారు, కొన్నింట్లో వదిలేస్తారు. వదిలేసిన చోట ఒకటి శ్రుతిలో వాయించింది ఒకటిన్నరకి కాస్త ఇవతల వినబడుతుంది. ఇంత తేడా మామూలు వాళ్లకి తెలియదు, మీకు తెలియకుండా ఉండదు.

సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్ వాయింపించిన అసలు శ్రుతి మీ సీడీలోదే. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది కూడా. బ్లూరేలో ఈ బెడద లేదు, అది 24 ఫ్రేముల లెక్కనే ఆడుతుంది. తమ్ముడికి మాత్రం ఇద్దరిదీ కరెక్టేనని చెప్పండి. మా షాపులో ఈ ఏడు నిమిషాల గురించి అద్దె తిరిగిచ్చెయ్యమని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

ప్రశ్న: మావారు కొన్న కొత్త సెట్టులో ఒక్కో సినిమా రెండు రకాలుగా ఉంది, థియేటర్ వెర్షనూ ఎక్స్‌టెండెడ్ వెర్షనూ. దసరా సెలవుల్లో పిల్లలకి చూపిద్దామనుకుంటున్నాం. పెద్దాడికి పన్నెండు, చిన్నదానికి తొమ్మిది. ఏది పెట్టమంటారు? పొడుగుదే అసలైనదని మావారు అంటున్నారు.
– గృహిణి, కరీంనగర్

జవాబు: పొడుగుదే అసలైనది అనే మాట చాలామంది అంటారమ్మా. నేను ఒప్పుకోను. మొదటి రెండు సినిమాలూ థియేటర్ వెర్షన్లే పెట్టండి. మూడోది మాత్రం పొడుగుది పెట్టండి. ఈ సలహా వినగానే అభిమానులు నామీదికి దండెత్తుతారు, తెలుసు.

లెక్క చూడండి. థియేటర్ వెర్షన్లు 178, 179, 201 నిమిషాలు. ఎక్స్‌టెండెడ్ అయితే మొదటిదే 208 నిమిషాలు, మూడోది నాలుగు గంటలు దాటుతుంది. మొదటి సినిమా పొడుగు వెర్షన్‌లో హాబిట్లనే పొట్టి మనుషుల ఊరు, వాళ్ల తిండి, వాళ్ల అలవాట్ల గురించి మొదట్లోనే ఓ ముచ్చటైన భాగం ఉంది. నాకు చాలా ఇష్టం. కానీ కథ ఇంకా పట్టాలెక్కని పిల్లలకి అది అడ్డం. కథ మీద ప్రేమ పుట్టాక చూస్తే అదే భాగం తియ్యగా ఉంటుంది.

మూడోదాని సంగతి వేరు. మొదటి రెండు సినిమాల్లో క్రిస్టఫర్ లీ వేసిన సారుమాన్ అనే మాంత్రికుడు పెద్ద విలన్. థియేటర్లో ఆడిన ‘రిటర్న్ ఆఫ్ ది కింగ్’లో ఆయన ఒక్క ఫ్రేములో కూడా కనబడడు. బురుజులో ఉన్నాడు, ఉండనివ్వండి అని మాటల్లో తేల్చేశారు. ‘ఆ తెల్లగడ్డం తాత ఏమయ్యాడు?’ అని మీ చిన్నది అడిగి తీరుతుంది. ఎక్స్‌టెండెడ్‌లో బురుజు మీద ఆయన కథ ముగిసే సీను ఉంది. ఈ నటుల్లో, కథ రాసిన టోల్కీన్‌ని స్వయంగా కలిసినవాడు లీ ఒక్కడే. అలాంటి మనిషి సీను తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తొమ్మిదేళ్ల పిల్లకి ఇబ్బంది పెట్టేది ఆ మూడో సినిమాలోని సాలెపురుగు. మన వంటింట్లో కనబడే రకం కాదు, ఏనుగంత ఉంటుంది. ముందు మీరొక్కరూ చూసి నిర్ణయించుకోండి. అమెరికాలో మూడింటికీ పీజీ-13 సర్టిఫికెట్ ఇచ్చారు.

పెద్దాడికి నచ్చి మళ్లీ అడిగితే అప్పుడు మొదటిది కూడా పొడుగు వెర్షన్ పెట్టండి. అది రెండు డిస్కులు. ఉంగరాన్ని ఎవరు మోసుకెళ్లాలో సభలో తేలి, తొమ్మిదిమంది జట్టు కట్టే చోట మొదటి డిస్కు అయిపోతుంది. మన ఇంటర్వెల్ బ్యాంగ్ రాసేవాళ్లు కూడా అంతకంటే మంచి చోటు చూపించలేరు.

ప్రశ్న: మొదటి సినిమా ఎక్స్‌టెండెడ్ బ్లూరే మీద 228 నిమిషాలని చూసి రాత్రి రెండింటి దాకా మేలుకున్నాను. చివరి ఇరవై నిమిషాలు వరసగా పేర్లే పేర్లు. డిస్కు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చెడిపోలేదు. అవి అభిమాన సంఘంలో డబ్బు కట్టి చేరిన సభ్యుల పేర్లు. పెళ్లిలో చదివింపులు చదివినట్టు ఒక్కరినీ వదలకుండా వేశారు. మీ బంధువులెవరూ లేకపోతే ఆపేసి పడుకోవచ్చు.

ప్రశ్న: కొత్త 65 అంగుళాల టీవీ కొన్నాం. 4కె సెట్టు ఆర్డర్ చేద్దామనుకుంటున్నాను. పాత డీవీడీలూ 2011 నాటి బ్లూరే సెట్టూ అటక మీద ఉన్నాయి. ఇల్లు ఇరుకు. పాతవి వదిలించుకోమని ఇంట్లో గొడవ.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: 4కె కొనుక్కోండి తమ్ముడూ, ఆ టీవీకి తగినదే. 2020 డిసెంబర్లో వచ్చింది ఆ సెట్టు. తొమ్మిది డిస్కులు, రెండు రకాల వెర్షన్లూ ఉన్నాయి. 4కె డిస్కులకి రీజియన్ గొడవ కూడా లేదు. 2011 బ్లూరేలో మొదటి సినిమాకి ఆకుపచ్చ జీర పట్టిందని అప్పట్లో పెద్ద రచ్చ జరిగింది. మంచుకొండ మీద నడిచే సీను పెట్టి చూడండి, మంచు తెల్లగా ఉండదు. కొత్తదాంట్లో ఆ జీర పోయింది. దానికి బదులు కొన్ని షాట్లలో ముఖాలు మరీ నున్నగా, పౌడర్ అద్దినట్టు ఉంటాయి. ఫిల్ముకి సహజంగా ఉండే గరుకుని తుడిచేసిన ఫలితం అది. నాకది నచ్చలేదు. అయినా మొత్తం మీద ఇప్పటిదాకా వచ్చినవాటిలో బొమ్మ ఇదే బాగుంది.

అటక విషయంలో మాత్రం మీ ఇంటివాళ్ల మాట వినొద్దు. 4కె సెట్టులో సినిమాలు తప్ప ఇంకేమీ లేవు. సినిమా ఎలా తీశారో చెప్పే ‘అపెండిసెస్’ డిస్కులు అందులో వెయ్యలేదు. తర్వాత ‘హాబిట్’ సినిమాలు కూడా కలిపి వేసిన 31 డిస్కుల పెద్ద పెట్టెలో కూడా వెయ్యలేదు. మీ 2011 సెట్టు తెరిచి చూడండి, పదిహేను డిస్కులుంటాయి. ఆరు బ్లూరేలు, తొమ్మిది డీవీడీలు. బ్లూరేలు ఎవరికైనా ఇచ్చేసినా నాకు అభ్యంతరం లేదు. ఆ తొమ్మిది డీవీడీలు మాత్రం చేజారనివ్వకండి. పాత డీవీడీ పెట్టెల్లో ఉన్న మూడో, నాలుగో డిస్కులు కూడా దాదాపు అవే, కాబట్టి చోటు నిజంగా ఇరుకైతే ఏదో ఒక జత ఉంచుకుంటే చాలు.

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో డబ్బిచ్చి కొనాల్సిన వస్తువు అదే. సినిమా ఎక్కడో ఒకచోట ఎప్పుడూ దొరుకుతుంది.

ప్రశ్న: నేను విజువల్ ఎఫెక్ట్స్ కోర్సు చదువుతున్నాను. మీరు ఎప్పుడూ మెచ్చుకునే ఆ మేకింగ్ డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో సంపాదించాను. గంటల కొద్దీ ఉంది, టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థిని, కర్నూలు

జవాబు: మొదటి సినిమా నాలుగో డిస్కులో ‘స్కేల్’ అనే భాగం ఉంది. అక్కడ మొదలుపెట్టమ్మా. మాంత్రికుడు గాండాల్ఫ్, హాబిట్ కుర్రాడు ఫ్రోడో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే సీను గుర్తుందా? ఒకరు ఆజానుబాహుడు, ఇంకొకరు అతని నడుము దాకా కూడా రాని పొట్టివాడు. వేసిన ఇయాన్ మెకెలెన్, ఎలైజా వుడ్ మాత్రం మామూలు ఎత్తు మనుషులే. పెద్దాయన్ని కెమెరాకి దగ్గరగా, కుర్రాణ్ణి దూరంగా కూర్చోబెట్టారు. బల్ల ఒకటి కాదు, రెండు ముక్కలు. దగ్గరి ముక్క మీద చిన్న గిన్నెలు, దూరపు ముక్క మీద పెద్ద గిన్నెలు. కెమెరా కన్ను ఒకే చోట ఉంటే రెండూ కలిసి ఒకే బల్లలా కనబడతాయి. ఇద్దరు నటులూ ఒకరి కళ్లలోకి ఒకరు చూడలేరు, గుర్తుపెట్టుకున్న చోటుకేసి చూస్తూ డైలాగ్ చెప్పాలి.

ఇదంతా పాత గారడీయే. అసలు తమాషా కెమెరా కదిలినప్పుడు ఉంది. కెమెరా జరిగితే గుట్టు బయటపడిపోవాలి కదా. అందుకని కెమెరా ఎంత జరిగితే దానికి తగిన లెక్కలో నటుడు కూర్చున్న పీటా, బల్ల ముక్కా కూడా పట్టాల మీద జరిగేలా చేశారు. డిస్కులో పక్క నుంచి తీసిన దృశ్యం చూపిస్తారు. పీటతో సహా జారిపోతూ ఏమీ జరగనట్టు మాట్లాడుతున్న మనిషిని చూస్తే నవ్వు ఆగదు. ఆ వెంటనే కెమెరాలోంచి చూపిస్తారు. నవ్వు ఆగిపోతుంది. అక్కడ రిమోట్ చేతిలో పెట్టుకో, నాలుగైదుసార్లు వెనక్కి తిప్పకుండా ఎవరూ ఉండలేరు.

తర్వాత మూడో డిస్కులో వెటా వర్క్‌షాప్ భాగం. వెల్లింగ్టన్‌లో రిచర్డ్ టేలర్ మనుషులు కవచాలు, కత్తులు, రాక్షసుల ముఖాలు తయారుచేసిన చోటు. గొలుసు కవచాల కోసం ప్లాస్టిక్ గొట్టాలని సన్నని రింగులుగా కోసి, ఒక్కొక్కటీ చేత్తో ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికించారు. ఆ పనే చేస్తూ కూర్చున్నవాళ్ల వేలిముద్రలు అరిగిపోయాయట. తెరమీద ఆ కవచం వేసుకున్నవాడు మూడు సెకన్లు కనబడి చచ్చిపోతాడు.

కంప్యూటర్ పని గురించి చదువుతున్నావు కాబట్టి ఇది చెప్పాలి. స్టీఫెన్ రెజెలస్ ఈ సినిమాల కోసం రాసిన ‘మాసివ్’ సాఫ్ట్‌వేర్‌లో సైన్యంలో ఒక్కో సైనికుడూ పక్కవాణ్ణి చూసి ఏం చెయ్యాలో తనే నిర్ణయించుకుంటాడు. అలాంటి టెక్నాలజీ చేతిలో ఉన్నా కోటలకీ నగరాలకీ చాలాచోట్ల నమూనాలే కట్టారు. మూడో సినిమాలోని మినాస్ తిరిత్ తెల్ల నగరం డెబ్బై రెండో వంతు కొలతలో కట్టిన బొమ్మ. బొమ్మ అంటే అరచేతిలో పట్టేది కాదు, మనిషి పక్కన నిలబడితే తలెత్తి చూడాలి. ఎక్కడ కంప్యూటర్, ఎక్కడ చేతిపని అన్న తూకం చూసుకుంటూ పో. మీ కోర్సులో ఇది చెబుతారో లేదో గానీ, ఈ డిస్కుల్లో మాత్రం పనిచేసినవాళ్లే చెబుతారు.

శబ్దాల భాగం రెండో సినిమా డిస్కుల్లో ఉంది, వదలకు. పదివేల మంది ఓర్క్‌లనే రాక్షసుల సైన్యం అరుపులు కావాలి. 2002లో వెల్లింగ్టన్ స్టేడియంలో న్యూజిలాండ్, ఇంగ్లండ్ వన్డే జరుగుతుంటే విరామంలో దర్శకుడు పీటర్ జాక్సన్ మైకు పట్టుకుని మైదానంలోకి దిగాడు. క్రికెట్ చూడ్డానికొచ్చిన జనం చేత రాక్షస భాషలో అరిపించి, కాళ్లు నేలకేసి బాదించి రికార్డు చేసుకున్నాడు. ఆ సినిమాలోని హెల్మ్స్ డీప్ కోట యుద్ధంలో వినబడే హోరులో ఆ స్టాండ్స్ కూడా ఉన్నాయి. ఉప్పల్ స్టేడియంలో మనవాళ్లకి అప్పజెబితే ఇంకా బ్రహ్మాండంగా అరిచేవాళ్లని నా నమ్మకం.

నటుడు విగో మోర్టెన్‌సెన్ శిరస్త్రాణం తన్ని కాలివేళ్లు విరగ్గొట్టుకున్న కథ కూడా వస్తుంది. అది ఊరూరా తెలిసిందే, దాటేసినా పరవాలేదు.

ఇంకో దాచిన సరుకు. మొదటి సినిమా ఎక్స్‌టెండెడ్ డీవీడీ మొదటి డిస్కులో సీన్ల పట్టిక చివరి పేజీకి వెళ్లి కింది బాణం నొక్కితే చిన్న ఉంగరం కనబడుతుంది. అది నొక్కితే ఉంగరం ఎవరు మోయాలో తేల్చే సభ సీను మీద తీసిన పేరడీ వస్తుంది. కాస్త మోటు హాస్యం. పెద్దవాళ్లు గదిలో లేనప్పుడు చూసుకో.

ప్రశ్న: మా వైపు గాలిలో తేమ ఎక్కువ. అట్టపెట్టెల మీద బూజు, డిస్కుల మీద తెల్లటి మచ్చలు. ఒకాయన టూత్‌పేస్ట్‌తో రుద్దమన్నాడు.
– ఆక్వా రైతు, భీమవరం

జవాబు: టూత్‌పేస్ట్ పళ్లకే ఉంచండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి, వేళ్లతో మెల్లగా కడిగి, మంచి నీళ్లు పోసి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. తుడిచేది మధ్య నుంచి అంచుకి, గీత గీసినట్టు. గుండ్రంగా తిప్పితే పడే గీత డేటా వెంబడే పోతుంది, ప్లేయర్ దాన్ని దాటలేదు. అడ్డంగా పడ్డ గీతని చాలావరకు దాటేస్తుంది. థిన్నర్, పెట్రోల్ దగ్గరికి కూడా రానివ్వకండి. మచ్చ పైన కాకుండా లోపలి పొరలో ఉంటే మాత్రం కడిగినా ప్రయోజనం లేదు.

ఈ సెట్టులో తేమని పీల్చేది ముఖ్యంగా అట్టే. అట్టపెట్టెని విడిగా కవర్లో పెట్టి, డిస్కులు ప్లాస్టిక్ డబ్బాల్లో నిలబెట్టండి. మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు పడేయకుండా అందులో వేసుకోండి. గోడకి ఆనించిన బీరువా వద్దు.

ప్రశ్న: మా బావమరిది సెట్టు మొత్తం అడుగుతున్నాడు. ఇంతకుముందు తీసుకెళ్లినవి ఏవీ తిరిగి రాలేదు. కాదంటే మా ఆవిడతో ఇబ్బంది.
– ఒక అల్లుడు, కాకినాడ

జవాబు: సెట్టు మొత్తం ఇవ్వొద్దు, కాదనొద్దు కూడా. మొదటి సినిమా ఒక్కటే ఇవ్వండి. అది తిరిగొచ్చాకే రెండోది. మా షాపులో సిరీస్ సినిమాలకి ఇదే పద్ధతి. మొదటిది చూసినవాడు రెండోదాని కోసం తనే పరిగెత్తుకొస్తాడు, ఆ కథ అలా ఆగుతుంది మరి. ప్రమాదమల్లా మూడోదే. దాని తర్వాత ఇంకేమీ లేదు కాబట్టి తిరిగిచ్చే తొందరా ఉండదు. డిపాజిట్ అడగలేరు, బావమరిది కదా. మూడోది మాత్రం ఇంటికి పిలిచి భోజనం పెట్టి మీ టీవీలోనే చూపించండి.